కింద పసుపు, పైన కుంకుమ

సరే గానీ, మీరు ఆ రాడార్ బండిని టీవీలో చూసే ఉంటారు, దాని కాళ్ళు మాత్రం చూసి ఉండరు. ఎవరూ చూడరు. అందరి కళ్ళూ లారీ మీద నిలబెట్టిన ఆ పెద్ద పలక మీదే ఉంటాయి. చిన్న ఇంటి గోడంత ఉంటుందది. ఆకాశంలో ఏం ఎగురుతున్నా పట్టేస్తుందట. అవతలివాళ్ళు ఫిరంగి గుండు వదిలితే, అది నేలమీద పడకముందే ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడ పడబోతోంది అని లెక్కకట్టి చెబుతుందట. కాకి అంత డ్రోనునైనా వదలదట. ఒకేచోట ఎక్కువసేపు ఉంటే అవతలివాడు దాన్నే కొడతాడు కాబట్టి, కాసేపు చూసి, పలక దించుకుని, ఇంకోచోటికి పరుగెత్తి, అక్కడ మళ్ళీ లేపాలి. లేపే ముందు ప్రతిసారీ లారీ నాలుగు మూలలా నాలుగు ఉక్కు కాళ్ళు నేలమీదకు దించాలి. బరువంతా ఆ కాళ్ళ మీదే. వాటిలో ఒక్కటి విరిగితే పలక కింద ఉన్న జవాన్ల నెత్తిన పడుతుంది.

ఆ కాళ్ళలో కొన్ని భిలాయ్‌లోనే, హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డులో తయారవుతాయి. అవి బాగున్నాయో లేదో చూసి పంపే మనిషి ఖుర్సీపార్ బస్తీ భాగ్యరేఖ. ఇది ఆవిడ సంగతి.

భాగ్యరేఖ తండ్రి బొబ్బిలి దగ్గర పల్లెనుంచి భిలాయ్ ఉక్కు ప్లాంటుకు కాంట్రాక్టు కూలీగా వచ్చాడు. ఆవిడ పుట్టింది, పెరిగింది, హిందీ మీడియంలో పదో తరగతి లెక్కల్లో తప్పింది, స్కూలు వ్యాను నడిపే ఉదయ్‌కుమార్‌ని పెళ్ళి చేసుకుంది, అన్నీ ఖుర్సీపార్‌లోనే. ఇరవై ఎనిమిదో ఏట రాజగోపాల్ గారి ఆ రేకుల షెడ్డులో ఇనప రజను ఊడ్చే పనికి కుదిరింది. ఊడ్చే మనిషి, రంగు కొట్టి పగుళ్ళు పట్టే డై చెక్ మనిషి ఎలా అయింది అంటే, అది గణపతిరావు పుణ్యం.

గణపతిరావు ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు ఇన్‌స్పెక్షన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. సర్టిఫికెట్ ఉన్నవాడు. షెడ్డులో తయారైన సరుకు బాగుందని రాసి సంతకం పెట్టడానికి రాజగోపాల్ గారు ఆయన్ని పెట్టుకున్నారు. ఒకరోజు భోజనాల వేళ భాగ్యరేఖ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతుంటే ఆయన చూశాడు. చెయ్యి వెళ్ళిన చోటల్లా రాయి దొరుకుతోంది. వెతుకుతున్నట్టే లేదు.

“ఏటమ్మా, నీ కళ్ళకి రాళ్ళు పిలిచి కనబడతాయేటి?”

“మా అమ్మ కళ్ళు బాబాయ్. ఆవిడ పేలు కూడా ఇలాగే తీసీది.”

“అయితే రా, నీకు ఇనుములో పేలు చూపిస్తాను.”

అలా మొదలైంది. పని మూడు డబ్బాలతో. ముందు అతుకును మందుతో తుడవాలి. తరువాత ఎర్ర డబ్బా కొట్టి ఇరవై నిమిషాలు ఆగాలి. వెల్డింగులో కంటికి కనబడని పగులుంటే ఎరుపు అందులోకి దిగుతుంది. పైపైన తుడిచేసి తెల్ల డబ్బా కొడితే, దిగిన ఎరుపు తెలుపులోంచి పైకి ఊరుతుంది, సన్నగా దారంలా. ఎర్ర దారం కనబడిందా, సరుకు ఫెయిలు. ఏ కారణంచేతైనా అనుమానం వస్తే తుడిచి మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి. పదకొండేళ్ళు ఆవిడ ఇదే చేసింది. కళ్ళు ఆవిడవి, సంతకం గణపతిరావుది. ఆయన మోకాళ్ళు అరిగిపోయాక షెడ్డుకి రావడం తగ్గించి, ఖాళీ కాగితాల మీద సంతకాలు ముందే పెట్టి ఇచ్చేసేవాడు. అది తప్పని ఇద్దరికీ తెలుసు. ఆవిడ కన్ను తప్పదని కూడా ఇద్దరికీ తెలుసు. అందుకని ఊరుకున్నారు.

ఇక విశ్వకర్మ పూజ. ఆరోజు భిలాయ్‌లో ఏ షెడ్డులోనూ మిషన్ తిరగదు. లేతుకీ డ్రిల్లుకీ స్క్రూడ్రైవరుకీ కూడా బొట్టు పెట్టాల్సిందే. రాజగోపాల్ గారి షెడ్డులో బొట్లు పెట్టే పని భాగ్యరేఖది. ఆ ఏడు బండి కాళ్ళు నాలుగు తయారై నిలబెట్టి ఉన్నాయి, పదిహేను నుంచి పద్దెనిమిది దాకా నంబర్లు కొట్టి. పూజ అయ్యాకే పంపుదామని రాజగోపాల్ గారు ఆపారు. మిలిటరీ సరుకు, దేవుడి చెయ్యి పడి వెళ్ళనీ అని. భాగ్యరేఖ కొబ్బరినూనెలో కుంకుమ కలిపి వాటికీ పెట్టింది.

మర్నాడు పొద్దున్న ఆ నాలుగూ డై చెక్ చేసి లారీ ఎక్కించాలి. రెండింటి మీద ఎరుపు కనబడింది. తుడిచి మొదటినుంచి చేస్తే ఏమీ లేదు. అతుకు సందులో ఇరుక్కున్న కుంకుమ అది. తన బొట్టు తననే భయపెట్టిందని నవ్వుకుంది కూడా. ఇంకో కాలు మీద మళ్ళీ ఎరుపు. అప్పటికి లారీ డ్రైవరు గేటు దగ్గర గంటనుంచి హారన్ కొడుతున్నాడు.

“దీదీ, ఉక్కు కడుగుతున్నావా, పెళ్ళికూతురికి నలుగు పెడుతున్నావా? టాటీబంద్ చౌరస్తా దగ్గర జామ్ అయితే నువ్వొచ్చి తోస్తావా?”

“నోర్ముయ్యి భయ్యా, అయిపోయింది.”

ఇదీ కుంకుమే అనుకుంది. గుడ్డతో తుడిచింది. ఇరవై నిమిషాలు మళ్ళీ ఆగలేదు. గణపతిరావు సంతకం ఉన్న కాగితం మీద నాలుగు నంబర్లకీ ఓకే రాసింది. లారీ వెళ్ళిపోయింది. ఆ తరువాత ఎనిమిది నెలలు ఆవిడకి ఆ కాళ్ళ ఊసే లేదు.

మే నెల వచ్చింది. సరిహద్దులో ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు. ఆ వారమంతా టీవీల్లో ఫిరంగులూ డ్రోనులూ తప్ప ఇంకో మాట లేదు. ఖుర్సీపార్‌లో మాత్రం పెళ్ళిళ్ళు ఆగలేదు. ఎదురింటి నూకమ్మ మనవరాలి పెళ్ళికి ఆ బుధవారం పొద్దున్నే పందిరి రాట వేస్తున్నారు. నూకమ్మ భాగ్యరేఖని కేకేసి పసుపు గిన్నె చేతిలో పెట్టింది.

“నీ చెయ్యి మంచిది. మీ అమ్మ రాసినట్టు రాయి.”

వాళ్ళ అమ్మది ఒకటే పద్ధతి. నిలబెట్టేది ఏదైనా సరే, రాటైనా రోకలైనా, కింద మోకాలెత్తు వరకూ పసుపు, పైన ఐదు బొట్లు కుంకుమ. కిందికి కుంకుమ దిగకూడదు. నేలను తాకే చోట కుంకుమ పెడితే తొక్కినట్టు అని ఆవిడ కసిరేది. భాగ్యరేఖ వంగి కింద పసుపు రాసింది. లేచి పైన మూడు బొట్లు పెట్టింది. నాలుగో బొట్టుకి చెయ్యి ఆగిపోయింది.

“ఏటే, అలగుండిపోనావు? కుంకం సరిపోలేదేటి?” అంది నూకమ్మ.

సరిపోయింది. ఆవిడ కళ్ళముందు రాట లేదు, ఉక్కు కాలు ఉంది. విశ్వకర్మ పూజ రోజున ఆ నాలుగు కాళ్ళకీ తను ఇలాగే రాసింది. కింద, నేలమీద ఆనే ఉక్కు పాదం దగ్గర పసుపు. పైన కుంకుమ. మొదటి రెండింటి మీద ఎరుపు కనబడింది పైన. మూడోదాని మీద కనబడింది కింద, పాదం అతుకు దగ్గర. అక్కడ తను కుంకుమ పెట్టలేదు. ఎప్పుడూ పెట్టదు.

“ఒలే భాగ్యం. ఎండ దెబ్బేటే?”

“ఏటీ లేదత్తా. కళ్ళు తిరిగినాయి.”

మిగతా రెండు బొట్లూ నూకమ్మే పెట్టుకుంది.

ఆరోజు షెడ్డుకి సెలవు పెట్టింది. వంట చేసింది గానీ పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. నూనె కదా, కారి ఉంటుంది, అని తనకు తనే చెప్పుకుంది. కారితే పైనుంచి కిందదాకా గీత పడాలి, ఒక్కచోట దారంలా ఎందుకుంటుంది, అని తనే ఎదురడిగింది. మనసు తిరగలిలా అక్కడే తిరుగుతోంది. పోనీ ఏ నంబరు కాలు అది? గుర్తులేదు. కుంకుమే అనుకున్నప్పుడు నంబరు ఎవరు చూస్తారు? పదిహేను, పద్దెనిమిది, మధ్యలో ఏదైనా కావచ్చు. ఆ నాలుగూ ఒకే బండికి వెళ్ళాయని మాత్రం తెలుసు. ఆ బండి ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. టీవీలో చూపించే ఆ చీకట్లో, ఆ మెరుపుల కింద, ఎక్కడో ఉంది. గంటకోసారి కాళ్ళు దించుతున్నారు, పలక లేపుతున్నారు, మళ్ళీ దించి పరుగెడుతున్నారు.

సాయంత్రం భిలాయ్‌లో కూడా సైరన్ మోగించి పావుగంట లైట్లు ఆపమన్నారు. ఉత్త డ్రిల్లు. అయినా జనం గుమ్మాల్లో కూర్చుని గుసగుసలాడుకున్నారు. నూకమ్మ పీట తెచ్చుకుని వీళ్ళ అరుగు మీదే చేరింది.

“మన ప్లాంటు మీద బాంబులేసెత్తారంటగా?”

“అరే అత్తా, ప్రాక్టీసే ఇది. ఫాల్తూ డర్ పెట్టుకోకు, భయపడేదేం లేదు,” అన్నాడు ఉదయ్‌కుమార్.

“నాకేటి డరు? ఆడు ఖుర్సీపార్ దాకా వొత్తే మన మురుక్కాలవ దోమలే సాలు, ఆడి డ్రోనుకి మలేరియా ఒచ్చీగలదు.”

చీకట్లో అందరూ నవ్వారు. భాగ్యరేఖ నవ్వలేదు. ఉదయ్‌కుమార్ ఆవిడ చెయ్యి పట్టుకుంటే మంచుముక్కలా ఉంది.

“ఏమైందే? ఇంత గర్మీలో ఈ చల్లనేంటి?”

“ఏటయ్యా, పలకొకటి మీద పడితే మనిషి బతుకుతాడా?”

“ఏం పలక?”

చెప్పేసింది. అంతా చెప్పేసింది. వీధిలో ఎవరి ఫోనో వెలిగితే పదిమంది ఆర్పమని అరిచారు.

“గణపతి చాచా దగ్గరకి పో,” అన్నాడు ఉదయ్‌కుమార్. “రేపు పొద్దున్నే పో. నీకు ఏం తెలిస్తే ఆయనకి డబల్ తెలుసు.”

గురువారం పొద్దున్నే గణపతిరావు ఉండే రుఆబాంధా వెళ్ళింది. ఆయన క్వార్టరు వరండాలో వాలుకుర్చీలో ఉన్నాడు, మోకాళ్ళకి నూనె రాసుకుని, ఒళ్ళో పేపరు. భార్య హైమవతి ఆప్యాయంగా లోపలికి పిలిచి టీ పెట్టడానికి వెళ్ళింది. భాగ్యరేఖ కుర్చీ పక్కన నేలమీద కూర్చుని గొంతు తగ్గించి చెప్పింది. అయ్యాక ఆయన పేపరు నెమ్మదిగా నాలుగు మడతలు పెట్టాడు.

“నూనెలో కలిపేవు కదా కుంకుమ. నూనె కారతాది. పైనుంచి కిందకి. అంతే.”

“మనిషెత్తు కాలు బాబాయ్. కారితే మజ్జిలో కూడా మరకుండాల కదా. లేదు.”

“నువ్వు చూసేవా మధ్యలో?”

“చూసినాను. అదే నా పని.”

ఆయనకి కోపం వచ్చింది. “నీ పని తెలిస్తే మళ్ళీ మొదటినుంచి ఎందుకు చెయ్యలేదు? నేనేం నేర్పేను నీకు? అనుమానం వస్తే ఏటి చెయ్యాలి?”

“మళ్ళీ చెయ్యాల.”

“మరి?”

ఆయన వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు.

“ఆ షీటు మీద సంతకం ఎవరిది?”

“మీది.”

“ఆరోజు నేను షెడ్డుకి వచ్చేనా?”

“రాలేదు. ముందే పెట్టిచ్చినారు.”

“అది మిలిటరీ కాగితమమ్మా. కిరాణా కొట్టు చీటీ కాదు. నాకు అరవై ఎనిమిది. ఈ వయసులో పోలీసులు ఈ గుమ్మంలోకి వస్తే మీ పిన్ని బతుకుతాదా?” లోపల గిన్నెల చప్పుడవుతోంది. ఆయన కాలి బొటనవేలు దానంతట అదే వణుకుతోంది. భాగ్యరేఖ ఆ వేలునే చూస్తూ ఉండిపోయింది. “ఎనిమిది నెలలు నిలబడింది. నిలబడతాది. వెల్డింగు మన సూరిగాడిది, గట్టి చెయ్యి. నువ్వు ఇంటికెళ్ళి పడుకో. ఎవరికీ చెప్పకు.”

హైమవతి టీ తెచ్చింది. భాగ్యరేఖ నోరు కాలుతున్నా ఒక్క గుక్కలో తాగేసి లేచింది. ఇంటికి వెళ్ళి పడుకుంది కూడా, ఆయన చెప్పినట్టే. నమ్మాలని ఎంత ప్రయత్నించిందో చెప్పలేం. ఆ పెద్దమనిషి మాట పదకొండేళ్ళలో ఒక్కసారి తప్పవలేదు. పైగా చెబితే ఆయన బతుకు తన చేత్తో కూల్చినట్టే. చెప్పకపోతే ముఖాలు తెలియని నలుగురో ఐదుగురో. ముఖాలు తెలియకపోవడం తేలిక అవుతుందేమో అనుకుంది. అవలేదు. టీవీలో కనబడిన ప్రతి జవానూ ఆ బండి కింద నిలబడినట్టే ఉన్నాడు.

శుక్రవారం పొద్దున్న షెడ్డు తీయగానే రాజగోపాల్ గారి గదిలోకి వెళ్ళి నిలబడింది. ఆయన ఇంజనీరు, చదువుకున్న కుటుంబం, అరిచే మనిషి కాదు. విన్నంతసేపూ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నారు.

“ఎనిమిది నెలల తరువాత ఇప్పుడు చెబుతున్నావేమిటమ్మా?”

“నాకు మొన్ననే తెలిసింది సార్.”

“మొన్నంటే?”

“బుధవారం. రాటకి పసుపు రాస్తుంటే.”

“మరి నిన్న?”

నిన్న గురించి చెప్పాలంటే గణపతిరావు పేరు చెప్పాలి. కుర్చీ వీపు పట్టుకుంది. చెప్పింది. సంతకాల సంగతి కూడా చెప్పింది. రాజగోపాల్ గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, ముందు గణపతిరావుకి ఫోన్ చేశారు. రమ్మన్నారు, అంతే. అరగంటలో ఆయన పాత స్కూటరు మీద వచ్చాడు. గుమ్మంలో భాగ్యరేఖ ఉంది. ఆయన గోడను చూస్తూ లోపలికి వెళ్ళాడు. షీటు చూపిస్తే, “సంతకం నాదే. చూడకుండా పెట్టేను,” అన్నాడు. అది కుంకుమే అయ్యుంటుందని మాత్రం అనలేదు.

అప్పుడు రాజగోపాల్ గారు కంపెనీకి ఫోన్ కలిపారు. బండి మొత్తం తయారుచేసే పెద్ద కంపెనీ అది. అక్కడి తనిఖీ అధికారి పేరు సూర్యప్రకాష్. ఆయన నంబర్లు రాసుకున్నాడు, ఆగమన్నాడు, ఇంకెవరితోనో మాట్లాడాడు. ఇరవై నిమిషాల తరువాత తనే ఫోన్ చేశాడు. ఆ తనిఖీ చేసిన ఆవిడనే మాట్లాడించమన్నాడు. హిందీలో అడిగాడు, ఆవిడకి అదే తేలిక కదా.

“దీదీ, తొందరగా చెప్పాలి. బండి ఎక్కడుందో అడక్కండి. పనిలో ఉంది. కాళ్ళు చూడాలంటే పలక దించాలి. నాలుగు అతుకులూ తుడిచి, డై కొట్టి చూడాలి. రెండు గంటల పైమాటే. ఆ రెండు గంటలూ అక్కడ మావాళ్ళకి కళ్ళుండవు. గుండు వస్తే వచ్చి పడ్డాకే తెలుస్తుంది. పక్కనున్న బండి అక్కడికి చేరాలంటే సాయంత్రం అవుతుంది. అర్థమైందా?”

“అయింది.”

“కాబట్టి అడుగుతున్నాను. అది పగులేనా?”

ఇదొకటి ఉందని ఆవిడ అనుకోలేదు. చెబితే చాలు, భయం దిగిపోతుంది అనుకుంది. చెబితే ఇంకో భయం ఎక్కి కూర్చుంటుందని ఎవరికి తెలుసు? తప్పయితే, తన మాట పట్టుకుని దించిన ఆ రెండు గంటల్లో ఏదైనా వచ్చి పడితే? ఆవిడ గణపతిరావు వైపు చూసింది. ఎన్నో ఏళ్ళుగా అనుమానం వచ్చినప్పుడల్లా అటే చూడడం అలవాటు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

“దీదీ, వింటున్నారా?”

“వింటున్నాను బాబూ. నేను కళ్ళతో చూసింది ఎర్ర గీత. కింద పాదం అతుకు మీద. అక్కడ మేం కుంకుమ పెట్టం. మా అమ్మ పెట్టలేదు, నేను పెట్టను. అది కుంకుమ కాదు.”

“అంటే దించమంటారా?”

ఆవిడ ఫోను రెండో చేతిలోకి మార్చుకుంది.

“దించండి,” అంది.

ఫోన్ పెట్టేశారు. అప్పుడు టైము పదకొండుంపావు.

ఆ తరువాతి గంటల గురించి ఎవరైనా అడిగితే భాగ్యరేఖ ఇప్పటికీ సరిగ్గా చెప్పలేకపోతుంది. షెడ్డులో మిషన్లు తిరుగుతున్నాయట. తనకేమీ వినబడలేదట. పనిముట్ల పెట్టె మీద కూర్చుని చీర కొంగు చివర దారాలు పీకుతూ ఉంది. ఇప్పుడు పలక దించి ఉంటారు. ఇప్పుడు తుడుస్తూ ఉంటారు. ఇప్పుడు ఎర్ర డబ్బా కొట్టి ఉంటారు, ఇరవై నిమిషాలు ఆగుతారు. అక్కడ హారన్ కొట్టే డ్రైవరు ఎవరూ లేకుండా చూడు తల్లీ అని దండం పెట్టుకుంది. మోదకొండమ్మకి మొక్కుకోబోయి, ఏమని మొక్కాలో తెలియలేదు. పగులుండాలని మొక్కాలా, లేకూడదని మొక్కాలా? ఉంటే తను ఎనిమిది నెలలు నలుగురి నెత్తిన చావు నిలబెట్టినట్టు. లేకపోతే ఊరికే వాళ్ళ కళ్ళు మూసినట్టు. చేతులు జోడించుకుని అలాగే కూర్చుంది.

గణపతిరావు ఎదురు బెంచీ మీద ఉన్నాడు. ఒకసారి మంచినీళ్ళ కోసం లేవబోతే మోకాలు పట్టేసింది. ఆవిడ లేచి గ్లాసు అందించబోయింది.

“పెట్టు అక్కడ,” అన్నాడు.

పెట్టింది. ఆవిడ వెనక్కి వచ్చి కూర్చున్నాకే ఆయన తాగాడు.

మధ్యాహ్నం రెండు దాటిన ఐదు నిమిషాలకి ఫోన్ వచ్చింది. రాజగోపాల్ గారు విన్నారు, కాగితం మీద ఏదో రాసుకున్నారు, పెట్టేశారు. లేచి బయటికి వచ్చారు.

“పదహారో నంబరు. కింద పాదం అతుకు. వేలి రెండు కణుపులంత పొడుగు పగులు. ఇంకో పదిసార్లు దించి లేపితే విరిగేదే అన్నారు.” ఆగి, “మనుషులందరూ బాగున్నారట,” అన్నారు.

గణపతిరావు రెండు చేతుల్తో ముఖం రుద్దుకున్నాడు. భాగ్యరేఖకి ఒళ్ళు వణకడం అప్పుడు మొదలైంది. వేసవి మధ్యాహ్నం, పైన రేకులు పెనంలా కాలుతున్నాయి, ఆవిడ పళ్ళు టకటకలాడుతున్నాయి. వెల్డింగు వాళ్ళు గోనెపట్టా తెచ్చి కప్పారు. పలక దించి ఉన్న ఆ రెండు గంటల పైచిలుకులో అక్కడ ఏం వచ్చి పడిందో, పడలేదో ఎవరూ చెప్పలేదు. ఆవిడ అడగలేదు. అడగడానికి ఇవాళ్టికీ ధైర్యం లేదు.

తరువాత జరగాల్సినవి జరిగాయి. కంపెనీనుంచి ముగ్గురు వచ్చి వారం రోజులు ఫైళ్ళన్నీ తిరగేశారు. మూడు నెలలు ఆర్డరు ఆపారు. పూజ చేసిన సరుకు పూజ గుర్తులతో తనిఖీకి రాకూడదని కాగితం అంటించారు. పోలీసులు రాలేదు, జైలూ లేదు. కానీ గణపతిరావు సర్టిఫికెట్ రద్దు చేశారు. ముప్ఫై ఏళ్ళు ప్లాంటులో ఒక్క మాట పడని మనిషి. ఆయన షెడ్డుకి రావడం మానేశాడు. భాగ్యరేఖని తీసేస్తారనే ఖుర్సీపార్ అంతా అనుకుంది. నూకమ్మ అయితే ముందే ఓదార్చేసింది, “పోన్లేయే, ఉద్యోగం పోతే పోనాది, ఆళ్ళ పేణాలు నిలబడ్డాయి గదా” అని. తీయలేదు. సూర్యప్రకాష్ గారే అడ్డుపడ్డారట. ఆవిడ చేతనే పరీక్ష రాయించి, సంతకం కూడా ఆవిడే పెట్టేలా చెయ్యమన్నారట.

ఆ పరీక్షకి ఒక ఫారం ఉంది. అందులో ఒకచోట, ఈమెకు ఇన్ని గంటలు పని నేర్పాను అని నేర్పినవారు రాసి సంతకం పెట్టాలి. నేర్పింది గణపతిరావు. సర్టిఫికెట్ ఉన్న రోజుల్లో నేర్పిందే కాబట్టి చెల్లుతుందని రాజగోపాల్ గారు కనుక్కున్నారు. “నేను తీసుకెళ్ళనా?” అని కూడా అడిగారు. వద్దు సార్, నేనే వెళ్ళాలి అంది.

ఇప్పటికి మూడుసార్లు వెళ్ళింది. మొదటిసారి రుఆబాంధా మలుపు దగ్గర ఆటో దిగి, అదే ఆటో ఎక్కి వచ్చేసింది. రెండోసారి వాళ్ళ వీధి చివరిదాకా నడిచింది. వరండాలో వాలుకుర్చీ ఖాళీగా ఉంది, అది చూసి వెనక్కి తిరిగింది. మొన్న మూడోసారి ధైర్యం చేసి గేటు గొళ్ళెం మీద చెయ్యి వేసింది. ఫారం కవరులో ఉంది, పెన్ను కూడా తెచ్చుకుంది. గొళ్ళెం చప్పుడుకి లోపలినుంచి హైమవతి గొంతు వచ్చింది.

“ఎవరమ్మా అదీ?”

భాగ్యరేఖ చెయ్యి తీసేసింది.

“ఎవరూ కాదండీ. ఇల్లు తప్పొచ్చినాను,” అని, మెయిన్ రోడ్డు దాకా ఆగకుండా నడిచింది.